పెట్రా... ఏం పెట్టమంటావురా?

మా ఆవిడ పదకొండు నెలలుగా ఒకటే కోరిక కోరుతోంది. బేస్‌మెంట్‌లో నీళ్ల హీటరు పక్కనున్న మూల ఖాళీ చేసిపెడితే, అక్కడ పెద్ద ఫ్రీజరు పెట్టుకుంటుందట. గోంగూర, చింతచిగురు, కొరమీను ముక్కలు, పిల్లలొచ్చినప్పటికి తురిమిన కొబ్బరి అన్నీ అందులో దాచుకుంటుందట. నగ అడగలేదు, కారు అడగలేదు, మూల అడిగింది. ఇవ్వలేకపోయాను. ఆ మూలలో రెండు అట్టపెట్టెలున్నాయి. వాటిమీద లావుపాటి మార్కరుతో నా చేతిరాత: "టాక్స్ పేపర్లు. ముట్టుకోవద్దు."

లోపల టాక్సు కాయితం ఒక్కటీ లేదు. 118 కేసెట్లున్నాయి. సగం క్రైస్తవ రాక్ సంగీతం, సగం ఇంగ్లీషు హాస్యం. అరవైకి దగ్గరపడ్డవాడు, సంఘంలో కానుకలు లెక్కపెట్టే పెద్దమనిషి, బీపీ మందు తప్ప మరే మందూ ఎరగనివాడు దాచుకోదగ్గ రహస్యమా ఇది అని మీరనొచ్చు. మీకు మా నాన్నగారు తెలియదు.

పోయిన శనివారం మా ఆవిడ కొలత టేపు పట్టుకుని కిందికి దిగింది. వెనకాలే ప్లాస్టిక్ కుర్చీ, నల్లటి చెత్తసంచీ.

"టాక్సు పేపర్లు ఏడేళ్లు ఉంచితే చాలటండీ. వీటికి ముప్పై దాటాయి. విప్పండి."

"నేను చూసుకుంటాలే. నువ్వు పైకెళ్లు, దుమ్ము పడదు నీకు."

"దుమ్ము పడకపోవడమేమిటి, ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో దుమ్ము దులుపుతోంది ఎవరు?" అని కుర్చీ వేసుకు కూర్చుంది.

విప్పక తప్పలేదు. మొదట చేతికి తగిలింది పెట్రా.

నేను గుంటూరు నుంచి ఎమ్మెస్ చదవడానికి ఇల్లినాయ్ వచ్చింది 1989లో. మాది లూథరన్ కుటుంబం. 1842లో గుంటూరులో అడుగుపెట్టిన ఫాదర్ హయ్యర్ పేరు మా ఇంట్లో తాతగారి పేరంత చనువుగా వినబడేది. నాన్నగారు పగలు బడికి హెడ్మాస్టరు, సాయంత్రం హార్మోనియానికి హెడ్మాస్టరు. ఆయన లెక్కలో దేవుడికి పాట అంటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే. ప్రతి పాట నెత్తినా రాగం, తాళం అచ్చువేసి ఉండే పుస్తకం అది. వాగ్గేయకారులంటే ఆయనకు ఇద్దరు: ఒకరు దావీదు మహారాజు, రెండోవారు పురుషోత్తమ చౌదరిగారు (1803–1890). ఈ ఇద్దరి తర్వాత పాట కట్టినవాళ్లందరూ ఆయన దృష్టిలో గొంతు సవరించుకుంటున్నవాళ్లే.

విమానం ఎక్కించేముందు నాచేత ఒక మాట తీసుకున్నారు. లోకసంబంధమైన పాటలు విననని. ఒట్టు పెట్టడం వాక్యానికి విరుద్ధం కాబట్టి ఒట్టు వేయించలేదు, ప్రార్థన చేయించారు. అది ఇంకా ప్రమాదం.

ఇక్కడికొచ్చిన రెండో నెలలో ఒక క్రైస్తవ పుస్తకాల కొట్లో, తలుపు దగ్గర బుట్టలో, తగ్గింపు ధరకు పోసిన కేసెట్లు కనబడ్డాయి. అట్టల మీద భుజాలదాకా జుట్టున్న మనుషులు, చేతిలో గిటార్లు, వెనకాల పొగ, మెరుపులు. పైన చీటీ మాత్రం "క్రైస్తవ సంగీతం." నా గుండె ఆగినంత పనైంది. మోత చూస్తే లోకసంబంధం, మాట చూస్తే పరలోకసంబంధం. ప్రార్థనలో ఇచ్చిన మాటకు ఇంతకంటె పెద్ద కంత ఏ ప్లీడరూ చూపించలేడు. ఆరు కొన్నాను.

ఆ ఆదివారం ఇంటికి ఫోను. నిమిషానికి రెండు డాలర్ల పైచిలుకు. మనం అన్న మాట సముద్రాలు దాటి వెళ్లి, మళ్లీ మన చెవికే తిరిగొచ్చే రోజులు.

"ఏం పాటలు వింటున్నావు నాయనా?"

"పెట్రా, నాన్నగారూ."

"ఏం పెట్టమంటావురా?"

"పెట్టడం కాదండీ. పెట్రా! పాటలు పాడేవాళ్లు."

"పాటలవాళ్లకి నువ్వెందుకు పెట్టడం? నీకు తినడానికుందా అసలు?"

నాలుగు నిమిషాలు, అంటే ఆ రోజుల్లో నా రెండ్రోజుల భోజనం, ఈ పెట్రాకే ఖర్చయిపోయాయి. చివరికి గ్రీకు భాషలో పెట్రా అంటే బండ అని, పేతురు అన్న పేరు కూడా ఆ మాటలోంచే వచ్చిందని, రాక్ అన్నా బండేనని విడమరిచి చెప్పాక ఆయన శాంతించారు.

"అయితే బండపాటలన్నమాట," అన్నారు.

క్రైస్తవ రాక్‌కి ఇంతకంటె మంచి అనువాదం ఇప్పటిదాకా నాకు దొరకలేదు.

"ఈ బండపాటలు సంచీలో వెయ్యనా?" అంది మా ఆవిడ, పెట్రా కేసెట్‌ను రెండు వేళ్లతో తోక పట్టుకున్నట్టు ఎత్తి.

"ఆగు. వీళ్లు 1972లో ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌లో మొదలెట్టారు. గాస్పెల్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు తెలుసా? వాళ్లకంటె ముందు లారీ నార్మన్ అని ఒకాయన 1969లోనే 'అపాన్ దిస్ రాక్' అని రికార్డు తీశాడు. ఆయనదే 1972 నాటి ఇంకో రికార్డును లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు జాతి సంపదగా దాచుకున్నారు. ప్రభుత్వమే దాచుకున్నదాన్ని నువ్వు పారేయమంటావా?"

"వాళ్ల బేస్‌మెంట్ పెద్దదండీ," అంది.

తర్వాత చేతికొచ్చింది స్ట్రైపర్. కాలిఫోర్నియా మనుషులు. ఒంటికి అతుక్కుపోయిన పసుపూ నలుపూ చారల బట్టలు, కళ్లకు కాటుక, గాలికి లేచిన జుట్టు. యెషయా గ్రంథం 53వ అధ్యాయంలో దెబ్బలకు ఇంగ్లీషు బైబిలు వాడిన మాటకు చారలనే అర్థం కూడా ఉంది. ఆ మాటలోంచి పేరు తీసుకుని, చారలు ఒంటికి చుట్టుకున్నారు. 1986లో వీళ్లు తీసిన 'టు హెల్ విత్ ద డెవిల్' పది లక్షలకు పైగా అమ్ముడుపోయి ప్లాటినం రికార్డయింది. నేను వచ్చిన కొత్తలో నా గదిలో వీళ్ల పోస్టరుండేది. దాని పక్కన నిలబడి ఒక ఫోటో దిగి, తెలివితక్కువగా ఇంటికి పంపాను. అమ్మ దగ్గర్నుంచి జాబు వచ్చింది: "నువ్వు చిక్కిపోయావు. పక్కన దసరా పులివేషాల వాళ్లెవరు? అక్కడ కూడా వేస్తారా? వాళ్లకు చిల్లర ఎక్కువ ఇవ్వకు."

వాళ్లు వేషగాళ్లు కారనీ, సభలో కొత్త నిబంధన పుస్తకాలు జనంలోకి విసురుతారనీ, అది సువార్త సేవేననీ తిరుగుటపాలో రాశాను. అది ఇంకా ఘోరమైపోయింది. పుస్తకం కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇల్లు మాది. దేవుడి వాక్యాన్ని బంతిలా విసిరితే, పట్టుకోలేనివాడి సంగతేమిటి, అది కిందపడితే ఎవరు తొక్కుతారు అని అమ్మ బెంగ. అమ్మకు జవాబు రాయలేదు. ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

ఇక హాస్యం సంగతి. పైసాకు పన్నెండు కేసెట్లు అని పత్రికల్లో ప్రకటన వేసే మెయిలార్డరు క్లబ్బు ఒకటుండేది. ఒక్క సెంటు అంటించి పంపితే పన్నెండు వస్తాయి. రావడం నిజమే. ఆ తర్వాత ప్రతి నెలా ఒక కార్డు వస్తుంది. ఈ నెల కేసెట్ వద్దు అని టిక్కు పెట్టి వెనక్కి పంపకపోతే, వద్దన్నది ఇంటికొచ్చి కూర్చుంటుంది, బిల్లుతో సహా. పెళ్లిలో వద్దు వద్దంటున్నా విస్తట్లో పడే లడ్డూ లాంటిది. తేడా అల్లా, ఆ లడ్డూకి బిల్లు రాదు. నేను కార్డులు పంపే రకం కాదు. అలా వచ్చినవే ఈ హాస్య కేసెట్లన్నీ.

ఇక్కడే నా మొదటి ఒప్పుకోలు. వాటిలో జోకులు నాకు అర్థమయ్యేవి కావు. గుంటూరులో ఇంగ్లీషు పేపరు చదివినవాణ్ణే, జీఆర్ఈలో మాటల అర్థాలు కంఠతా పట్టినవాణ్ణే. కానీ కేసెట్లో అమెరికా వాడు గబగబా ఏదో అంటాడు, హాలు హాలంతా గొల్లుమంటుంది. నేను ఆ గొల్లుమన్నది విని, అప్పుడు నవ్వేవాణ్ణి. అర సెకను ఆలస్యంగా. అదే అలవాటై యూనివర్సిటీలోనూ, తర్వాత ఆఫీసులోనూ చుట్టూ ఉన్నవాళ్ల పళ్లు కనబడ్డాక నా పళ్లు బయటపెట్టేవాణ్ణి. నాకు మంచి హాస్యప్రియుడని పేరొచ్చింది. ఆలోచించి మరీ నవ్వుతాడని ఒక ప్రొఫెసరు మెచ్చుకున్నాడు కూడా.

జెర్రీ క్లవర్ అని ఒకాయనుండేవాడు. మిసిసిపీలోని యాజూ సిటీలో ఎరువులు అమ్మేవాడు. రైతులకు సరుకు అంటగట్టడానికి కథలు చెప్పీ చెప్పీ 1971లో రికార్డు ఇచ్చి కమెడియన్ అయిపోయాడు. బాప్టిస్టు భక్తుడు. యూరియా అమ్మేవాడు, పైగా దేవుడి మనిషి, ఇంకేం, మన గుంటూరు మిర్చి యార్డు పక్కవాడే అనుకుని ఎంతో ఆప్యాయంగా విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. మిసిసిపీ యాస ముందు జీఆర్ఈ నిలబడదు.

ఒక్క బాబ్ న్యూహార్ట్ మాత్రం మొదటిరోజే అర్థమయ్యాడు. పూర్వాశ్రమంలో లెక్కల గుమాస్తా. 1960లో ఆయన ఇచ్చిన మొదటి రికార్డు అమెరికాలో అమ్మకాల పట్టీలో మొదటి స్థానానికి ఎక్కింది, గ్రామీ అవార్డుల్లో ఆ ఏటి మేటి ఆల్బమ్ అనిపించుకుంది. ఆయన విద్య ఏమిటంటే, ఫోనులో మాట్లాడుతున్నట్టు నటించడం. అవతలివాడి మాట మనకు వినబడదు. ఈయన జవాబులను బట్టి అవతలి గోల మనమే ఊహించుకోవాలి. ఇది నాకు కొత్తా? మా వీధి మొత్తానికి ఒకటే ఫోను. అమెరికా నుంచి నేను చేస్తే పక్కింటి వరండాలో పదిమంది కూర్చుని నాన్నగారి వైపు మాటలు విని, నా వైపు మాటలు కట్టుకునేవారు. "ఏం పెట్టమంటావురా?" అన్న కేకకు వాళ్లు ఊహించుకున్నదేమిటంటే, నేను ఇల్లు తాకట్టు పెట్టమంటున్నానని. వారంలో ఊరంతా అదే మాట.

పెట్టె సగమయ్యాక ఒక విచిత్రమైన కేసెట్ బయటపడింది. దానిమీద ఎర్ర సిరాతో "సాతాను" అని రాసుంది.

"ఇదేమిటండీ?" అంది మా ఆవిడ.

అది చెప్పాలంటే ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న ఒక భయం చెప్పాలి. రాక్ పాటలను వెనక్కి తిప్పి వింటే అందులో సాతాను మాటలు వినిపిస్తాయని భక్తులు నమ్మేవారు. 1982లో కాలిఫోర్నియా శాసనసభలో ఒక కమిటీ కూర్చుని, పేరున్న పాటను వెనక్కి తిప్పించి మరీ విన్నది. ఆ కమిటీ పని వినియోగదారుల రక్షణ, విష పదార్థాలు. పాటను ఏ పద్దులో వేశారో మరి. అదే ఏడు పెట్రావాళ్లు తమ రికార్డులో నిజంగానే ఒక ముక్క వెనక్కి తిప్పి దాచారు. కష్టపడి తిప్పి విన్నవాడికి, దెయ్యం కోసం వెతికే బదులు దేవుడి కోసం వెతుక్కోమని చీవాట్లు వినబడతాయి. అకార్డియన్ వాయిస్తూ పేరడీలు కట్టే వియర్డ్ అల్ యాంకొవిక్, అంటే అమెరికా జరుక్‌శాస్త్రి అనుకోండి, 1984లో అలాగే ఒక ముక్క దాచాడు. తిప్పి వింటే సాతాను ఒకరకం చీజు తింటాడని తెలుస్తుంది. 1996లో ఇంకోటి దాచాడు, ఇది తిప్పి వినేవాడికి ఎంత తీరిక ఉందో అని వెక్కిరిస్తూ. భక్తులకూ హాస్యగాడికీ తట్టిన ఉపాయం ఒక్కటే కావడం నాకు భలే నచ్చింది.

మా గదిలో ఏం జరిగిందంటే, నాన్నగారు గుంటూరులో తన హార్మోనియం పాటలు రికార్డు చేసి కేసెట్ ఒకటి పంపారు. ఒకవైపే నింపారు. కొత్త కేసెట్ కొనడానికి చేతులు రాక, ఖాళీగా ఉన్న రెండోవైపు నేను పెట్రాను ఎక్కించుకున్నాను. ఒకరోజు టేపు ప్లేయర్లో చిక్కుకుపోయింది. స్క్రూలు విప్పి, చిక్కు తీసి, పెన్సిలుతో చుట్టి మళ్లీ బిగించాను. బిగించేటప్పుడు రిబ్బను ఒక మెలిక తిరిగిపోయింది. కేసెట్ తరంవాళ్లకు తెలుసు, మెలికపడిన టేపు అవతలివైపు పాటను వెనకనుంచి ముందుకు, దుప్పట్లో మూతి పెట్టి పాడినట్టు పాడుతుంది.

రాత్రి పదకొండు. గదిలో ముగ్గురం. నేను, ఏలూరు నుంచి వచ్చిన పెంతెకొస్తు కుర్రాడు, వరంగల్ కుర్రాడు. పెట్రా వింటారా అని మీట నొక్కాను. లోపల్నుంచి ఒక ముసలి గొంతు, ఏ భాషా కాని భాషలో, మూలుగుతూ, మధ్యమధ్య గాలి పీలుస్తూ ఏదో పిలుస్తోంది. ఏలూరు కుర్రాడు మోకాళ్లమీద పడి "యేసు రక్తమే జయం" అని కేకలు. వరంగల్ కుర్రాడు తలగడ కింది హనుమాన్ చాలీసా తీసి గుండెకు హత్తుకుని, "మా మిమిక్రీ నేరెళ్ల వేణుమాధవ్ సార్‌తో కూడా ఈ గొంతు కాదురా భయ్," అన్నాడు. నేను వణుకుతూనే ఎర్ర సిరాతో "సాతాను" అని రాసి కేసెట్‌ను గుడ్డలో చుట్టేశాను. పారేయడానికి కూడా భయమే, ఎవరి చేతుల్లో పడుతుందోనని.

మూడు వారాల తర్వాత క్లాసులో కూర్చుని ఉండగా వెలిగింది. అవతలివైపు ఉన్నది మా నాన్నగారు. మేం ముగ్గురం అర్ధరాత్రి గద్దించి వెళ్లగొట్టింది పురుషోత్తమ చౌదరిగారి కీర్తనని.

మా ఆవిడ కళ్ల నీళ్లొచ్చేలా నవ్వి, కేసెట్ ఒళ్లో పెట్టుకుంది. సంచీలో వెయ్యలేదు. ఆ ధైర్యంతో ఇంకొకటి ఒప్పుకున్నాను. స్టీవ్ టేలర్ అని ఒక వెటకారపు భక్తుడు 1983లో 'ఐ వాంట్ టు బీ ఎ క్లోన్' అని పాడాడు. అందరూ ఒకే అచ్చులో పోసినట్టు ఆలోచించే సంఘాలను ఎగతాళి చేసే పాట అది. నాకేం తెలుసు? దేవుడి పోలికలోకి మారాలనే సమర్పణ గీతమనుకున్నాను. తెలుగు విద్యార్థుల ఆరాధనలో కళ్లు మూసుకుని, చేతులెత్తి, ఆరుగురిచేత కోరస్ పాడించాను. ఆరుగురం ఒకే రంగు చొక్కాలు వేసుకున్నాం కూడా. ఆనాడు అక్కడికొచ్చిన అమెరికన్ పాస్టరు గారి ముఖం ఎందుకలా ఉందో నాకు పదేళ్ల తర్వాతగానీ తెలియలేదు.

పెట్టె అడుక్కొచ్చేసరికి నా చేతులు నెమ్మదించాయి. అక్కడేముందో నాకు తెలుసు. ఒక కేసెట్, దానికి రబ్బరు బ్యాండుతో కట్టిన ఒక పత్రిక.

ఆ కేసెట్ ఒక క్రైస్తవ కమెడియన్‌ది. పేరెందుకులెండి. తప్పు ఆయనది ఎంతో నాదీ అంతే. సగం నవ్విస్తాడు, సగం సాక్ష్యం చెబుతాడు. ఒకప్పుడు తాను సాతాను పూజారినని, మూడు ఊళ్లలో పదిహేను వందలమంది శిష్యులుండేవారని, నడుందాకా తెల్లజుట్టు, ఆరంగుళాల నల్లటి గోళ్లు ఉండేవని, ప్రభువు తనను మార్చాడని. 1990లో అది విని ఒళ్లు గగుర్పొడిచి, నాలుగు ఏరోగ్రాములు నిండా నాన్నగారికి తెలుగులో రాసి పంపాను. ఫిఫ్టీన్ హండ్రెడ్ అన్నదాన్ని పదిహేను వేలు చేశాను. సువార్తలో ఒక సున్నా ఎక్కువైతే పోయేదేముందని.

నాన్నగారు దాన్ని ఇళ్లల్లో జరిగే కాటేజ్ ప్రేయర్లో చదివారు. తర్వాత స్త్రీల సమాజంలో. ఆ తర్వాత తెనాలి కన్వెన్షన్లో. చదివినప్పుడల్లా ఆ జుట్టు పెరుగుతూ పోయి మోకాళ్లకు చేరిందని, గోళ్లు అడుగు దాటాయని అమ్మ రాసింది. "అమెరికాలో మా అబ్బాయి స్వయంగా విన్నాడు" అన్నది చివరి వాక్యమట.

1992లో చికాగోలోని జీసస్ పీపుల్ అనే సమాజం వాళ్ల కార్నర్‌స్టోన్ పత్రిక ఆ కమెడియన్ కథను పేజీలకు పేజీలు తవ్వి తీసింది. సాతాను పూజారిగా వెలిగానన్న రోజుల్లో తీసిన ఫోటోలో ఆయన పొట్టి క్రాపుతో, బుద్ధిమంతుడైన కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు. పూజారి కథంతా కల్పనేనని తేల్చారు. తేల్చినవాళ్లు నాస్తికులు కారు. ఆ సమాజానిదే రెజరెక్షన్ బ్యాండ్ అనే రాక్ బృందం. అప్పట్లో ఏటా బండపాటల జాతర జరిపిందీ వాళ్లే. సాతాను ఉన్నాడని నమ్మేవాళ్లే, సాతాను పేరు మీద కూడా అబద్ధం చెల్లదన్నారు.

నేను మాత్రం ఆ పత్రికను కేసెట్‌కు కట్టి, పెట్టెలో పెట్టి, పైన "టాక్స్ పేపర్లు" అని రాశాను. నాన్నగారికి వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. ఆ వచ్చే ఆదివారం 2009లో ఆయన ప్రభువునందు నిద్రించేదాకా రాలేదు.

ఇదంతా మా ఆవిడకు చెప్పేసి తలొంచుకున్నాను. ఆవిడ తాపీగా రబ్బరు బ్యాండు లాగింది. అది తెగలేదు. అప్పుడు గమనించాను. ముప్పై ఏళ్లనాటి రబ్బరు ఎండి పొడుం కావాలి. ఇది కొత్తది.

"ఈ ఇంట్లో టాక్సులు కట్టేది ఎవరండీ?" అంది.

"నువ్వే."

"పెళ్లయిన మరుసటేడు, 1995లో, పెట్టెమీద టాక్స్ పేపర్లు అని రాసుంటే తీసి చూడనా మరి? ముట్టుకోవద్దంటే మీరు కష్టపడి సర్దుకున్నారేమో, కలిపెయ్యకూడదు కాబోలనుకున్నా. రెండుసార్లు రబ్బరు మార్చాను కూడా."

"ముప్పై ఏళ్లుగా తెలుసా నీకు?"

"మా నాన్న తెనాలి కన్వెన్షన్లో ఆ సాక్ష్యం విని, ఆత్మల భారం ఉన్న పిల్లాడు, ఎవరబ్బాయి అని అడిగే కదండీ మీ ఇంటికొచ్చింది. సాతాను పూజారి గోళ్లు చూసి కుదిరిన సంబంధం మనది. ఆ పత్రిక చదివాక మూడు రోజులు అన్నం సహించలేదు నాకు. నాలుగోరోజు నవ్వొచ్చింది."

నోట మాట రాలేదు నాకు. ఆవిడే అంది: "1997లో మామయ్యగారు వచ్చినప్పుడు మీరు ఆఫీసుకెళ్తే ఆయనకు పొద్దుపోయేది కాదు. చదువుకోడానికి ఏమన్నా క్రైస్తవ పత్రిక ఉందా అమ్మా అన్నారు. ఉన్నది ఇదొక్కటే. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రోజులు చదివారు. వాడంతట వాడు చెప్పేదాకా అడగొద్దమ్మా అన్నారు. ఊరెళ్లిన వారానికే కాటేజ్ ప్రేయర్లో లేచి నిలబడి, నేను ఇన్నాళ్లూ చెప్పిన సాక్ష్యం తప్పు, క్షమించండి అన్నారట. మా అమ్మ రాసింది."

"మరి నా సంగతి? నేను రాసి పంపానని..."

మా ఆవిడ కాసేపు సీలింగు వైపు చూసింది. "అది కూడా చెప్పారటండీ. మా అబ్బాయి తప్పేం లేదు, అది హాస్యం కేసెట్టు, మావాడికి ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక సాక్ష్యమనుకున్నాడు అన్నారట."

అప్పుడు తెలిసింది నాకు. 1999లో గుంటూరు వెళ్తే గుడిమెట్ల మీద సంఘపెద్ద నా భుజం తట్టి, "ఏం నాయనా, ఇంగ్లీషు ఇప్పుడు కాస్త పట్టుబడిందా?" అని ఎందుకడిగాడో. నాన్నగారి సమాధి దగ్గర కూడా ఒక పెద్దమ్మ కళ్లొత్తుకుంటూ "అక్కడ భాషతో ఇబ్బందేం లేదు కదా బాబూ?" అని ఎందుకందో. ఇన్నేళ్లూ అది అభిమానమనుకుంటూ వచ్చాను. అమెరికాలో రెండు పేటెంట్లున్నవాణ్ణి, గుంటూరులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంగ్లీషు రానివాణ్ణి. నా పరువు కాపాడటానికి నాన్నగారికి దొరికిన ఒకే ఒక్క దారి నా పరువు తియ్యడం. పోనీ అబద్ధమా అంటే, అదీ కాదు. మిసిసిపీ ఎరువులాయన సాక్షి.

నవ్వడం మొదలెట్టాను. ఎప్పటిలాగే ఆలస్యంగా. ఈసారి అర సెకను కాదు, ఇరవై ఎనిమిదేళ్లు.

ఆ సాయంత్రం మా ఆవిడ చిన్న స్క్రూడ్రైవరు తెచ్చి "సాతాను" కేసెట్ విప్పింది. మెలిక తీసి, పెన్సిలుతో చుట్టి బిగించింది. నాన్నగారు గొంతు సవరించుకుని, రాగం పేరు, తాళం పేరు ప్రకటించి, మొదటి స్వరమే తప్పు నొక్కి, హార్మోనియాన్ని కసురుకున్నారు. మేమిద్దరం కదలకుండా విన్నాం.

గురువారం ఫ్రీజరు వచ్చింది. పెట్టెల్లో ఒకటి చెత్తసంచీలోకి వెళ్లింది. ఆ పైసాకు పన్నెండు కేసెట్లు పోయినందుకు నాకేం బాధ లేదు. రెండోది ఇప్పుడు ఫ్రీజరు మీదే ఉంది, కింద కొరమీను, పైన బండపాటలు. మా ఆవిడ పాత అక్షరాలు కొట్టేసి, అదే మార్కరుతో కొత్తగా రాసింది: "మామయ్యగారి పాటలు, పులివేషాలు. ముట్టుకోవచ్చు."